జబ్బు చేస్తే జేబు తడుముకోని దేశం

1948 జులై 5, సోమవారం. యుద్ధం గెలిచి మూడేళ్ళయినా రేషన్ కార్డుల మీదే బతుకుతున్న బ్రిటన్, దేశంలో ఎవరికి ఏ జబ్బు చేసినా ఉచితంగా వైద్యం చేయిస్తానని ఆ రోజు మాటిచ్చింది. నేషనల్ హెల్త్ సర్వీస్ (ఎన్‌హెచ్‌ఎస్) అనే ఆ మాట ఎక్కడ పుట్టింది? ఎవరు అడ్డుపడ్డారు? దాన్ని నిలబెట్టినవాళ్ళలో మన మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్ళు ఎంతమంది?

మూడు పెన్నీల సొసైటీ

సౌత్ వేల్స్ కొండలోయల్లో ట్రెడీగర్ అని ఒక బొగ్గుగనుల ఊరు. 1890లో అక్కడి గని కార్మికులు, ఉక్కు కార్మికులు కలిసి ఒక వైద్య సహాయ సొసైటీ పెట్టుకున్నారు. వారం కూలీ చేతికి రాకముందే ప్రతి పౌనుకూ మూడు పెన్నీలు సొసైటీకి జమ కావాలి. ఆనాటి పౌనుకు 240 పెన్నీలు. అంటే సంపాదనలో ఎనభయ్యో వంతు. ఆ డబ్బుతో సొసైటీ డాక్టర్లను, సర్జన్‌ను, పళ్ళ డాక్టరును, మందులు కలిపిచ్చేవాళ్ళను, ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సును జీతాలిచ్చి పెట్టుకుంది. గనిలో కాలు పోయినవాడికి కట్టుడు కాలు, చూపు మందగించిన అవ్వకు కళ్ళజోడు, పెద్ద ఆపరేషన్ కోసం పట్నం ప్రయాణం అన్నీ ఆ మూడు పెన్నీల్లోనే. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు కట్టేవాళ్ళు. మంచం పట్టినప్పుడు ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

స్కాట్లండ్ నుంచి వచ్చిన ఎ.జె. క్రోనిన్ అనే కుర్ర డాక్టరు 1920ల్లో అక్కడ పనిచేశాడు. ఆ అనుభవాలతో 1937లో ‘ది సిటడెల్’ నవల రాశాడు. హిందీలో ‘తేరే మేరే సప్నే’, తెలుగులో ‘మధుర స్వప్నం’ సినిమాలకు ఆ నవలే ఆధారం. మనకు తెలియకుండానే ఆ గనుల ఊరి కథ ఎప్పుడో మన సినిమా హాళ్ళ దాకా వచ్చిందన్నమాట.

అదే ట్రెడీగర్‌లో 1897లో అనైరిన్ బెవన్ పుట్టారు. గని కార్మికుడి కొడుకు. 13 ఏళ్ళకే తానూ గనిలోకి దిగారు. తండ్రి ఊపిరితిత్తులు బొగ్గుదుమ్ముతో నిండిపోయి 1925లో కొడుకు చేతుల్లోనే ప్రాణం వదిలాడు. గని పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో అప్పటికి అది లేదు కాబట్టి కుటుంబానికి పరిహారం అందలేదు. బెవన్ ఆ సొసైటీ ఆసుపత్రి కమిటీలో పనిచేసి లెక్కలూ లోటుపాట్లూ దగ్గరగా చూశారు. 1929లో పార్లమెంటుకు వెళ్ళారు. 1945లో ఆరోగ్య మంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 47. మంత్రివర్గంలో అందరికన్నా చిన్నవాడు. ట్రెడీగర్ ప్రజలకు ఉన్న సౌకర్యాన్నే దేశమంతటికీ ఇస్తున్నానని ఆయనే చెప్పుకున్నారు.

ఈ వ్యవస్థ గురించి ఎంత చదివినా చివరికి ఒక ప్రశ్న దగ్గరే ఆగుతాను. వైద్యానికి డబ్బు ఎలాగూ కావాలి. దాన్ని ఎప్పుడు కట్టాలి? ఒళ్ళు బాగున్నప్పుడు పన్నుగానా, ఒళ్ళు కాలిపోతున్నప్పుడు అప్పుగానా? బ్రిటన్ మొదటి దారి పట్టింది. 75 ఏళ్ళు దాటినా ఆ దారి వదలలేదు.

అమ్మ జబ్బు చివరికి

అంతకుముందు అక్కడ ప్రభుత్వ సాయమే లేదని కాదు. 1911లో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ జాతీయ బీమా చట్టం తెచ్చారు. వారానికి కార్మికుడు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 వేసేవారు. కార్మికుడికి జబ్బు చేస్తే బీమా డాక్టరు చూసేవాడు. భార్యకూ పిల్లలకూ మాత్రం ఆ సౌకర్యం లేదు. ఆసుపత్రి వైద్యమూ సాధారణంగా అందులోకి రాదు. ఇంటి ఖర్చు చూసుకునే ఇల్లాలు తన జబ్బును అందరికన్నా వెనక్కి నెట్టుకునేది. కాన్పుల తర్వాత గర్భసంచి జారినా ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చిన ఆడవాళ్ళు ఎందరో. డాక్టరు ఫీజు లేదన్న రోజు క్లినిక్‌ల ముందు బారులు తీరినవాళ్ళలో వీళ్ళే ఎక్కువగా కనిపించారని ఆనాటి డాక్టర్లు గుర్తు చేసుకున్నారు. ఈ వ్యవస్థ చరిత్రలో నన్ను అన్నింటికన్నా కదిలించేది ఇదే. ఆ తల్లులు అంతకుముందు ఏ లెక్కల్లోకీ రాలేదు. ఫీజు అడ్డు తొలగాకే వాళ్ళ బాధ దేశానికి కనిపించింది.

ఆసుపత్రులు రెండు రకాలు. విరాళాల మీద నడిచే ధర్మాసుపత్రులు ఒకటి. బీదవాళ్ళను పెట్టే వర్క్‌హౌస్‌ల నుంచి పుట్టి, తర్వాత మున్సిపాలిటీల చేతికి వచ్చినవి రెండోది. ధర్మాసుపత్రిలో ఆల్మనర్ అనే ఉద్యోగిని రోగి ఇంటి ఆదాయం ఆరా తీసి ఎంత కట్టగలరో తేల్చేది. వర్క్‌హౌస్ గోడల మధ్య చనిపోవడమంటే బీదవాళ్ళు పరువు పోయినట్టే భావించేవారు.

1939లో యుద్ధం ముంచుకొచ్చింది. బాంబుదాడుల్లో గాయపడేవాళ్ళ కోసమని ప్రభుత్వం ఆసుపత్రులను ఒకే అజమాయిషీ కిందికి తెచ్చింది. లండన్ నుంచి పల్లెటూళ్ళకు పంపిన పెద్ద డాక్టర్లు అక్కడి వార్డుల దుస్థితి మొదటిసారి కళ్ళారా చూశారు. 1942 డిసెంబరులో విలియం బెవరిడ్జ్ సామాజిక బీమాపై ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. ఈయన పుట్టింది అవిభక్త బెంగాల్‌లోని రంగ్‌పూర్‌లో. తండ్రి ఇండియన్ సివిల్ సర్వీస్ అధికారి. తల్లి బాబర్ ఆత్మకథను ఇంగ్లీషులోకి అనువదించిన విదుషి. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే ఐదు రాక్షసుల మీద యుద్ధం చేయాలని బెవరిడ్జ్ రాశారు. ప్రభుత్వ నివేదికను జనం క్యూ కట్టి లక్షల్లో కొనుక్కున్నారు. యుద్ధం ముగిశాక ఏం కావాలో వాళ్ళకు అప్పటికే తెలుసు.

డాక్టర్లే ఎదురుతిరిగారు

1946 నవంబరులో నేషనల్ హెల్త్ సర్వీస్ చట్టమైంది. బెవన్ ఇంగ్లండ్, వేల్స్‌లలోని రెండున్నర వేలకు పైగా ఆసుపత్రులను జాతీయం చేశారు. మున్సిపల్ ఆసుపత్రులను మున్సిపాలిటీలకే వదిలేయాలని మంత్రివర్గంలోనే హెర్బర్ట్ మోరిసన్ పట్టుబట్టారు. బెవన్ ఒప్పుకోలేదు. ధనిక మున్సిపాలిటీకి మంచి ఆసుపత్రి, పేద మున్సిపాలిటీకి పాడుబడ్డ ఆసుపత్రి ఉండే పద్ధతి పోవాలన్నది ఆయన వాదన.

అసలు యుద్ధం డాక్టర్లతో జరిగింది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ గట్టిగా ఎదురుతిరిగింది. ప్రభుత్వం తమను జీతగాళ్ళను చేస్తుందనీ, ప్రాక్టీసులను కొనుక్కునే, అమ్ముకునే హక్కు పోతుందనీ డాక్టర్లు మండిపడ్డారు. ఇది జర్మనీలో నాజీలు నడిచిన బాట అని సంఘం మాజీ కార్యదర్శి ఒకరు రాశారు. 1948 ఫిబ్రవరిలో సంఘం నిర్వహించిన ఓటింగులో దాదాపు 90 శాతం మంది వ్యతిరేకంగా ఓటేశారు. ప్రారంభానికి ఐదు నెలలు కూడా లేవు.

బెవన్ డాక్టర్లలో రెండు వర్గాలతో రెండు రకాలుగా రాజీపడ్డారు. ఆసుపత్రుల్లోని పెద్ద స్పెషలిస్టులకు, అంటే కన్సల్టెంట్లకు, మంచి జీతం ఇచ్చి, ప్రైవేటు ప్రాక్టీసు కొనసాగించుకోనిచ్చారు. ఫిజీషియన్ల రాయల్ కాలేజీ అధ్యక్షుడు, చర్చిల్ సొంత వైద్యుడు లార్డ్ మోరన్ ఈ బేరంలో మధ్యవర్తి. ఊరి డాక్టర్లను, అంటే జీపీలను, జీతగాళ్ళుగా మార్చబోమని హామీ ఇచ్చారు. ప్రాక్టీసుల అమ్మకం రద్దు చేసినందుకు 6 కోట్ల 60 లక్షల పౌన్ల పరిహార నిధి పెట్టారు. కన్సల్టెంట్లకు ఇచ్చిన ఆ వెసులుబాటు ఎన్‌హెచ్‌ఎస్ పునాదిలో మిగిలిన పగులు అని నేననుకుంటాను. డబ్బున్నవాడు వరస తప్పించి ముందుకెళ్ళే దారి అక్కడే తెరుచుకుంది. అది ఇవ్వకపోతే జులై 5న తలుపులు తెరుచుకునేవా అన్నది వేరే సంగతి.

జీపీ పద్ధతిని కొంచెం ఆగి చూడాలి, వ్యవస్థ గుండెకాయ అదే. ప్రతి మనిషీ దగ్గర్లోని ఒక జీపీ దగ్గర పేరు రాయించుకుంటాడు. జీపీకి ముఖ్యమైన రాబడి తన జాబితాలో ఉన్న తలల లెక్కన వస్తుంది. ఎన్నిసార్లు చూశాడు, ఎన్ని ఇంజెక్షన్లు పొడిచాడు అన్నదానితో దానికి సంబంధం లేదు. అనవసరమైన పరీక్ష రాస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. ప్రాణం మీదికొస్తే తప్ప, ఆయన చీటీ లేకుండా పెద్ద ఆసుపత్రి స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళలేరు. మనిషి ఊరు మారితే అతని వైద్య చరిత్ర ఫైలు కొత్త జీపీ దగ్గరికి వెళుతుంది. ఖర్చు అదుపులో ఉండడానికి చాలావరకు ఈ కాపలాదారే కారణం.

కళ్ళజోళ్ళ కోసం రాజీనామా

ప్రారంభం రోజున బెవన్ మాంచెస్టర్ దగ్గర డేవీహ్యూమ్‌లోని పార్క్ ఆసుపత్రికి వెళ్ళి, కొత్త వ్యవస్థలో చేరిన తొలి రోగి అయిన 13 ఏళ్ళ అమ్మాయిని పలకరించారు. అప్పటికే జనాభాలో మూడొంతుల మంది జీపీల దగ్గర పేర్లు రాయించుకున్నారు. సెప్టెంబరుకల్లా ఆ లెక్క 90 శాతం దాటింది. మొదటి ఏడాదిలో 50 లక్షలకు పైగా కళ్ళజోళ్ళు ఇచ్చారు. 80 లక్షల మందికి పైగా పళ్ళ వైద్యం చేయించుకున్నారు. అంచనాలన్నీ తలకిందులయ్యాయి. ఇంతమంది ఇన్నేళ్ళు మసక చూపుతో, పుచ్చుపళ్ళతో బతికారని ప్రభుత్వానికి అప్పుడే తెలిసింది.

కొరియా యుద్ధం ఖర్చు మీదపడ్డ 1951లో ఆర్థిక మంత్రి హ్యూ గెయిట్‌స్కెల్ కట్టుడు పళ్ళకూ కళ్ళజోళ్ళకూ కొంత రుసుము పెట్టారు. బెవన్ రాజీనామా చేశారు. తోటి మంత్రులు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ ఆయన వెంట నడిచారు. వచ్చే మొత్తం చిన్నదే కావచ్చు, కానీ ఒకసారి రోగి చేతికీ డాక్టరు చేతికీ మధ్య డబ్బు వస్తే అది అక్కడితో ఆగదని బెవన్ నమ్మారు. మరుసటి ఏడాదే మందుల చీటీకి ఒక షిల్లింగు వచ్చింది. 1965లో తీసేశారు, 1968లో మళ్ళీ పెట్టారు. ఇప్పుడు వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో మందులు పూర్తిగా ఉచితం. ఇంగ్లండ్‌లో మాత్రం రుసుము ఉంది. పిల్లలు, 60 దాటినవాళ్ళు, గర్భిణులు, మరికొందరు కట్టక్కర్లేదు.

ఈ ఉచితం దేశాన్ని ముంచేస్తుందని కన్సర్వేటివ్ ప్రభుత్వం 1953లో గిల్‌బో కమిటీ వేసింది. కమిటీ కోసం పరిశోధకులు రిచర్డ్ టిట్‌మస్, బ్రయన్ ఏబెల్-స్మిత్ లెక్కలు తీశారు. జాతీయాదాయంలో వాటాగా చూస్తే ఆరోగ్య ఖర్చు పెరగలేదు, తగ్గింది! ఆసుపత్రుల నిర్మాణానికి ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టాలని 1956లో కమిటీ తేల్చింది. వృథాను వెతకమని వేసిన కమిటీ లోటును చూపించింది. బెవన్ 1960 జులై 6న, 62 ఏళ్ళకే, కడుపు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

విశాఖ, గుంటూరు, కాకినాడ నుంచి

1957లో మరో కమిటీ డాక్టర్లు ఎక్కువైపోతారని లెక్కగట్టి మెడికల్ సీట్లు తగ్గించమంది. ఆ లెక్క తప్పింది. బ్రిటన్‌లో చదివిన డాక్టర్లు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టారు. ఆ ఖాళీల్లోకి భారత్, పాకిస్తాన్, శ్రీలంకల నుంచి డాక్టర్లు, కరీబియన్ దీవుల నుంచి నర్సులు వచ్చారు. భారత ఉపఖండపు జూనియర్ డాక్టర్లే లేకపోతే వ్యవస్థ కూలిపోయేదని 1961లో ప్రభువుల సభలోనే ఒక సభ్యుడు అన్నారు.

మన డాక్టర్లకు అది తెలిసిన దారే. విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలయ్యాయి. ఆ తర్వాత కర్నూలు, కాకినాడ, వరంగల్, తిరుపతి వచ్చాయి. పాఠాలు, పుస్తకాలు, పరీక్షల తీరు అన్నీ బ్రిటిష్ నమూనాలోవే. మన పట్టణాల్లో పాత తరం పెద్ద డాక్టర్ల బోర్డుల మీద ఎఫ్.ఆర్.సి.ఎస్., ఎం.ఆర్.సి.పి. అన్న అక్షరాలు చూసే ఉంటారు. కొందరు చదువుకుని తిరిగొచ్చారు. చాలామంది అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్ళకు పెద్ద టీచింగ్ ఆసుపత్రుల్లో సర్జన్ కొలువులు అందని ద్రాక్షే అయ్యాయి. అక్కడివాళ్ళు వద్దనుకున్న చోట్లు వీళ్ళకు మిగిలాయి: ముసలివాళ్ళ వార్డులు, మానసిక వైద్యశాలలు, గని ఊళ్ళలో, మిల్లు పట్టణాల్లో జీపీ క్లినిక్‌లు. 1980ల నాటికి దేశంలోని జీపీల్లో దాదాపు ఆరో వంతు మంది భారత ఉపఖండంలో పుట్టినవాళ్ళే. బెవన్ పుట్టిన వేల్స్ లోయల్లో బొగ్గుదుమ్ము దగ్గులకు స్టెతస్కోపు పెట్టి విన్నవాళ్ళలో ఎందరో మన ఉపఖండం డాక్టర్లు. ముసలితనపు జబ్బుల వైద్యాన్ని చెప్పుకోదగ్గ శాఖగా ఎదిగించినవాళ్ళలోనూ వీళ్ళది పెద్ద పాలు.

దానికి తగ్గ మర్యాద దొరకలేదు. 1975లో జనరల్ మెడికల్ కౌన్సిల్ భారత డిగ్రీల గుర్తింపు తీసేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పరీక్ష రాయాల్సిందే. 1993లో అనీజ్ ఇస్మాయిల్, శామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకేలాంటి అర్హతలతో కొన్ని దరఖాస్తులు ఇంగ్లీషు పేర్లతో, కొన్ని ఆసియా పేర్లతో పంపించారు. ఇంగ్లీషు పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు రెండింతలు వచ్చాయి. కోవిడ్ కాలంలో బ్రిటన్‌లో మొట్టమొదట ప్రాణాలు కోల్పోయిన డాక్టర్లందరూ ఆసియా, ఆఫ్రికా, అరబ్ మూలాలవాళ్ళే. ఎన్‌హెచ్‌ఎస్ చరిత్ర రాసేటప్పుడు బెవన్ పేరు పక్కనే ఈ డాక్టర్ల తరాన్ని కూడా నిలపాలి. లేకపోతే ఆ చరిత్ర సగమే.

గని ఊరి వైద్యం గురించి మాట్లాడుతూ జూలియన్ ట్యూడర్ హార్ట్‌ను వదలలేం. వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే గని పల్లెలో ఆయన జీపీ. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందనీ, మార్కెట్ చొరబడేకొద్దీ ఈ తేడా ముదురుతుందనీ 1971లో ‘లాన్సెట్’లో రాశారు. చెప్పి ఊరుకోలేదు. తన జాబితాలోని పెద్దవాళ్ళందరినీ పిలిచి, పిలిస్తే రానివాళ్ళ ఇళ్ళకే వెళ్ళి బీపీ చూశారు. ఊరంతటికీ ఒకే జాబితా, ఒకే డాక్టరు ఉండబట్టే ఆ పని సాధ్యమైంది.

ఎదురుచూపుల కాలం

తర్వాతి కథను త్వరగా చెప్పేస్తాను. మొదటి సీటీ స్కాన్ 1971లో లండన్‌లోని ఒక ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రిలోనే తీశారు. తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1978లో ఓల్డమ్ జనరల్ ఆసుపత్రిలో పుట్టింది. థాచర్ హయాంలో మేనేజర్లు వచ్చారు. 1990 చట్టంతో ఆసుపత్రులు అమ్మేవాళ్ళుగా, ఆరోగ్య సంస్థలు కొనేవాళ్ళుగా మారాయి. బ్లెయిర్ కాలంలో ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ 2002 బడ్జెట్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ చందా పెంచి నిధులు కుమ్మరించారు. నెలలు, ఏళ్ళు పట్టే ఆపరేషన్లు 18 వారాల్లోకి వచ్చాయి. 2010 తర్వాత పొదుపు పేరుతో ఆ వేగం ఆగింది. 2012లో మరో పెద్ద మార్పు చట్టం, ఆ తర్వాత కోవిడ్. 2023 సెప్టెంబరు నాటికి ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. వ్యవస్థ పరిస్థితి విషమంగా ఉందని 2024లో లార్డ్ డార్జీ నివేదిక చెప్పింది. పాలనా సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్‌ను రద్దు చేస్తామని 2025 మార్చిలో ప్రధాని కీర్ స్టార్మర్ ప్రకటించారు.

ఇప్పుడు అక్కడి పేదవాడికి అడ్డొచ్చేది బిల్లు కాదు, క్యాలెండరు. మోకాలి ఆపరేషన్ కోసం ఏడాది ఆగలేనివాళ్ళు సొంత డబ్బు పెట్టి ప్రైవేటుకు పోతున్నారు. ఇది నిజంగా భయపడాల్సిన విషయం. ఎగువ మధ్యతరగతి బయటికి నడిస్తే, తాము వాడని ఆసుపత్రికి పన్ను కట్టడానికి వాళ్ళు ఎంతకాలం ఒప్పుకుంటారు? అయినా డబ్బులు చాలినప్పుడు వరసలు తగ్గాయని 2000ల అనుభవం చూపించింది. పద్ధతి చెడ్డదనే వాదన కన్నా దానికి తిండి పెట్టలేదనే వాదనే నాకు బలంగా కనిపిస్తుంది.

భోర్ గీసిన దారి

బెవన్ చట్టం వచ్చిన 1946లోనే మన దగ్గర జోసెఫ్ భోర్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఫీజు కట్టలేనంత మాత్రాన ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మొదటి సూత్రం. పది, ఇరవై వేల జనాభాకు 75 పడకల ప్రాథమిక ఆసుపత్రి ఉండాలని దీర్ఘకాలిక లక్ష్యం పెట్టింది. 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి కానీ, నేటికీ మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి ఒకటి అన్నదే ప్రమాణం. పడకలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను గుండె ఆపరేషన్ల అప్పుల నుంచి కాపాడింది. దాన్ని తక్కువ చేయలేం. అయితే అది రోగి ఆసుపత్రి మంచం ఎక్కాక అందే సాయం. ప్రైవేటు డాక్టరు ఓపీ ఫీజు, పరీక్షల బిల్లు, నెలనెలా మందుల షాపు ఖర్చు చాలావరకు మన జేబులోంచే పోతాయి. 2021-22లో దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా పెట్టుకున్నదే. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్ ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ఆ మొదటి మెట్టును సరిచేయాలని చూసినవే. ట్యూడర్ హార్ట్ లాగా వీధిలోని ప్రతి పేరూ తెలిసిన డాక్టరు, ఏళ్ళ తరబడి అదే చోట ఉండే డాక్టరు అక్కడ కూర్చుంటే అవి నిలబడతాయి.

యూకే వెళ్ళే పిల్లలకు

మన జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళుతున్నారు. వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థులకు అది ఏడాదికి 776 పౌన్లు. అంటే మీ వైద్యానికి ముందే చెల్లించి విమానం ఎక్కుతున్నారు. కాబట్టి జ్వరం వచ్చేదాకా ఆగకుండా, దిగిన మొదటి వారంలోనే దగ్గర్లోని జీపీ క్లినిక్‌లో (అక్కడ ‘సర్జరీ’ అంటారు) పేరు రాయించుకోండి. ఇంగ్లండ్‌లో దీనికి చిరునామా రుజువు తప్పనిసరి కాదు. ప్రాణం మీదికొస్తే 999కి, అంత అత్యవసరం కాకపోతే 111కి ఫోన్ చేయండి. ఇంగ్లండ్‌లో మందులకు, అన్నిచోట్లా పళ్ళ వైద్యానికి విడిగా కొంత కట్టాల్సి రావచ్చు. ఇక్కడ వాడుతున్న మందులుంటే డాక్టరు చీటీ, రిపోర్టులు వెంట తీసుకెళ్ళి మొదటి అపాయింట్‌మెంట్‌లోనే జీపీకి చూపించండి.